ఆదాయపు పన్ను తీసేస్తే ఆ బరువు ఎవరి మీద?

ఫిబ్రవరి నెల జీతమంటే మనలో చాలామందికి ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. పదకొండు నెలలు ఎలాగో నెట్టుకొచ్చి, పన్నెండో నెలలో డ్రాయింగు ఆఫీసరు గారు మిగిలిన ఆదాయపు పన్నంతా ఒక్కసారిగా కోసేస్తే, ఆ నెల పాలవాడికి, పచారీ కొట్టువాడికి సమాధానం చెప్పుకొన్న రోజులు ఎవరు మరచిపోగలరు? అందుచేత ఇటీవల మన సంఘం కార్యవర్గ సమావేశంలో ఒక సోదర సభ్యులు “ఆదాయపు పన్నును పూర్తిగా రద్దు చేసి, ఆ లోటును దేశమంతటికీ ఒకే అమ్మకం పన్నుతో పూడ్చుకోవాలి” అని తీర్మానం ప్రతిపాదించగానే చప్పట్లు మోగాయి. తీర్మానాన్ని మహాసభకు వాయిదా వేశారు. వాణిజ్య పన్నుల శాఖలో మూడు దశాబ్దాలు పనిచేసినవాణ్ణి కనుక, దీని పూర్వాపరాలు ఈ ప్రత్యేక సంచికకు వ్రాయవలసిందిగా సంపాదకులు నన్ను కోరారు.

ముందుగా ఆ సోదరుని వాదనకు న్యాయం చేయాలి. ఆయన చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. జీతగాడి ఆదాయం గాజు సీసాలో నీరు వంటిది, బయటికి అంతా కనిపిస్తుంది. చేతికి రాకముందే పన్ను పట్టుకుంటారు. మేడల మీద మేడలు కట్టినవారు కాగితాల మీద పేదవారుగా ఉండటం మనం చూస్తూనే ఉన్నాం. అటువంటివారు కారు కొన్నప్పుడో, నగ కొన్నప్పుడో పన్ను చెల్లించక తప్పదు గదా, అప్పుడు పట్టుకోవచ్చు గదా అన్నది ఆయన తర్కం. ఇది కొత్త తర్కమేమీ కాదు. మన దేశంలో దీనికి నూట అరవై ఏళ్ల చరిత్ర ఉంది. పైగా ఆదాయపు పన్నును మన దేశం ఇప్పటికే రెండుసార్లు తీసేసి చూసింది!

1857 తిరుగుబాటును అణచటానికి అయిన ఖర్చుతో ఖజానా ఖాళీ అయింది. లెక్కలు చక్కదిద్దటానికి లండను నుంచి జేమ్స్ విల్సన్ అనే ఆయనను పిలిపించారు. ‘ఎకనామిస్ట్’ పత్రిక స్థాపించిన వ్యక్తి ఈయనే. 1860 జూలై 24 నుంచి ఆదాయపు పన్ను అమలులోకి వచ్చింది. సంవత్సరానికి 200 రూపాయల లోపు వారికి లేదు. 200 నుంచి 500 వరకు నూటికి 2, ఆపైన నూటికి 4. పన్ను వచ్చిన మూడు వారాలకే, ఆగస్టు 11న, విల్సన్ కలకత్తాలో రక్త విరేచనాలతో మరణించాడు.

ఆ పన్నును గట్టిగా ఎదిరించినది ఎవరో కాదు, మన మద్రాసు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెలియన్. ఈ దేశానికి ఇది పనికిరాదని తన అభిప్రాయాన్ని పత్రికల్లో ప్రకటించేశాడు. ప్రభుత్వ రహస్యం బయటపెట్టినందుకు పదవి పోయి ఇంగ్లండు వెళ్లిపోయాడు. విచిత్రమేమిటంటే, 1863లో అదే ట్రెవెలియన్ భారత ప్రభుత్వ ఆర్థిక సభ్యుడుగా తిరిగివచ్చాడు. 1865లో ఆదాయపు పన్ను గడువు ముగిసినప్పుడు దానిని పొడిగించలేదు. కండక్టు రూల్సుకు కట్టుబడి సర్వీసు చేసిన మనకు ఈ కథ కాస్త ముచ్చటగానే ఉంటుంది!

అయితే డబ్బు చాలలేదు. 1867లో వృత్తి వ్యాపారాల మీద లైసెన్సు పన్ను అన్నారు. 1869లో ఆదాయపు పన్నే మళ్లీ వచ్చింది. 1873లో వైస్రాయి నార్త్‌బ్రూక్ దానిని మళ్లీ రద్దు చేశాడు. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల్లోని పెద్ద జీతగాళ్లు, వకీళ్లు, వర్తకులు ఊపిరి పీల్చుకున్నారు.

ఇక ఉప్పు సంగతి చూద్దాం. ఉప్పు మీద పన్నంటే అమ్మకం పన్నుకు అన్నగారే. ఎవరు ఎంత సంపాదిస్తున్నారన్న ప్రశ్న లేదు, కొన్నవాడు కట్టాలి. పెద్ద దొర తినే ఉప్పు ఎంతో, ఆయన బండి తోలేవాడు తినే ఉప్పూ ఇంచుమించు అంతే. చెమటోడ్చేవాడికి ఇంకొంచెం ఎక్కువే కావాలి. 1876 నుంచి 1878 వరకు మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్న మహాక్షామం వచ్చింది. బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలు శ్మశానాలయ్యాయి. ఆ కరువు ఇంకా తీరకముందే, 1878లో, మద్రాసు రాజధానిలో ఉప్పు పన్నును బెంగాలు మణుగుకు, అంటే సుమారు 37 కిలోలకు, 1 రూపాయి 13 అణాల నుంచి 2 రూపాయల 8 అణాలకు పెంచారు. ఆదాయపు పన్ను తీసేసినందువల్లనే ఉప్పు పన్ను పెంచారని నేను అనటం లేదు. దేశమంతా ఒకే రేటుకు దగ్గరగా తేవాలన్నది వారు చెప్పిన కారణం. బెంగాలులో కొంత తగ్గించారు కూడా. కాని వకీలుగారి ఆదాయం మీద దమ్మిడీ పన్ను లేని ఆ రోజుల్లో, కరువు జిల్లాలో కూలివాడి గంజిలో ఉప్పు మీద పన్ను పెరిగిందన్నది మాత్రం కాదనలేని సత్యం. ఆ సంవత్సరమే మళ్లీ లైసెన్సు పన్ను వేసినా, అది వర్తకుల మీదే. ప్రభుత్వాధికారులకూ, వకీళ్లకూ, డాక్టర్లకూ లేదు.

చివరకు 1886లో, పై తరగతివారు పన్ను నుంచి తప్పించుకుంటున్నారని ప్రభుత్వమే ఒప్పుకొని, ఆదాయపు పన్నును మూడోసారి తెచ్చింది. సంవత్సరానికి 500 లోపు వారిని వదిలేశారు. వ్యవసాయాదాయాన్ని మినహాయించారు. అప్పటినుంచి అది మళ్లీ పోలేదు. ఉప్పు పన్ను మాత్రం తరుగుతూ పెరుగుతూ సాగింది. 1923లో శాసనసభ వద్దన్నా వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో రెట్టింపు చేశాడు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో దేవరంపాడు శిబిరం, ప్రకాశం పంతులుగారు, కొండా వెంకటప్పయ్యగారు గుర్తుకు రాని ఆంధ్రుడుండడు. 1947 ఫిబ్రవరిలో తాత్కాలిక ప్రభుత్వ ఆర్థికమంత్రి లియాకత్ అలీఖాన్ ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో ఉప్పు పన్ను రద్దయింది. అదే బడ్జెట్‌లో లక్ష రూపాయలు దాటిన వ్యాపార లాభాల మీద నూటికి 25 వంతున కొత్త పన్ను ప్రతిపాదించారు. 1873లో జరిగినదానికి ఇది సరిగ్గా తలక్రిందులు.

ఇక మా శాఖ పుట్టుక. 1935 చట్టం సరుకుల అమ్మకం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకిచ్చి, ఆదాయపు పన్నును కేంద్రానికి వదిలింది. 1937లో మద్రాసు ప్రధానమంత్రి అయిన రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. మరుసటి సంవత్సరం మన చిత్తూరు, కడప జిల్లాలకూ విస్తరించారు. సారా ఆదాయం పోయింది. ఆ లోటు పూడ్చటానికి 1939లో దేశంలోనే మొట్టమొదటి సాధారణ అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. రేటు నూటికి ఒక రూపాయి కూడా లేదు. ఇంత చిన్న పన్ను ఎవరికి కనిపిస్తుంది? అదే దాని బలం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తా, రాయలసీమల్లోని మద్రాసు చట్టం స్థానంలోనూ, తెలంగాణలోని 1950 నాటి హైదరాబాదు చట్టం స్థానంలోనూ 1957లో ఒకే చట్టం వచ్చింది. 2005లో అది వ్యాట్ అయింది, 2017 జూలై 1 నుంచి జీఎస్టీలో కలిసిపోయింది. నూటికి ఒకటిలోపు ఉన్నది కొన్ని సరుకుల మీద 28 దాకా వెళ్లింది. 2025 సెప్టెంబరు 22న రేట్లు సవరించి, ముఖ్యంగా 5, 18 గా కుదించారు.

అమ్మకం పన్ను ఎగవేయటం కష్టమన్న మాటకు మాత్రం నేను నవ్వుకోకుండా ఉండలేను. నా సర్వీసులో సగం కాలం ‘జీరో వ్యాపారం’ వెంట పరుగెత్తటానికే సరిపోయింది. ఒకే వే బిల్లు మీద రెండుసార్లు, మూడుసార్లు తిరిగిన లారీలు, రెండేసి చిట్టాలు, తెల్ల కాగితం మీద వ్రాసిచ్చే కచ్చా బిల్లులు ఎన్ని చూశానో! “బిల్లు కావాలా అండీ, అయితే ఇంకో రేటు” అన్న మాట వినని గృహస్థు ఎవరైనా ఉన్నారా? ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి, నిఘా పెరిగిందన్నది నిజమే. కాని పన్ను ఎంత పెరిగితే దాన్ని ఎగవేయటంలో లాభమూ అంత పెరుగుతుంది. పన్ను 5 ఉన్నప్పుడు సంతకం పెట్టి కట్టే వర్తకుడే, 28 అయ్యేసరికి తెల్ల కాగితం తీస్తాడు.

ఆదాయపు పన్ను కథలోనూ ఇదే చూశాం. 1971–72 నుంచి 1973–74 వరకు పై అంతస్తు రేటు, సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం. వందలో రెండుంపావు మిగుల్చుకొమ్మంటే ఎవరు నిజం చెబుతారు? నల్లధనం పెరగక ఏమవుతుంది? 1997లో 10, 20, 30 రేట్లు వచ్చినప్పుడు నేను సంతోషించినవాళ్లలో ఒకణ్ణి. కాబట్టి ఆదాయపు పన్ను ఎంతున్నా మంచిదేనని వాదించటం లేదు.

మధ్యలో ఒక వింత ప్రయోగం కూడా జరిగింది. కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ సలహాతో 1957లో టి.టి. కృష్ణమాచారి ‘వ్యయం పన్ను’ తెచ్చారు. సంపాదించినదాని మీద గాక, ఖర్చు చేసినదాని మీద పన్ను. అయితే అది పచారీ కొట్టులో వసూలు చేసేది కాదు. పెద్ద ఖర్చుదారులే లెక్క వ్రాసి సమర్పించాలి. ఖర్చును పట్టుకుంటూనే పేదవాణ్ణి వదిలేయటం దాని గుణం. కాని వచ్చిన రాబడి అతి స్వల్పం. 1962లో ఎత్తేశారు, 1964లో తిరిగి పెట్టారు, 1966లో మళ్లీ ఎత్తేశారు.

ఇప్పుడు తీర్మానం లెక్క చూద్దాం. 2024–25లో జీఎస్టీ మొత్తం వసూళ్లు 22.08 లక్షల కోట్లు. కంపెనీలు కాక, వ్యక్తులు వగైరాలు కట్టే ఆదాయపు పన్ను సుమారు 12 లక్షల కోట్లు. ఈ పన్నెండూ తీసేసి జీఎస్టీతో పూడ్చాలంటే ప్రతి రేటునూ సగానికి పైగా పెంచాలి. 18 ఉన్నచోట 27, 28 అవుతుంది. 5 ఉన్నచోట దాదాపు 8 అవుతుంది. 5 శాతంలో మన మందులు చాలా ఉన్నాయి. ధర పెరిగితే అమ్మకాలు తగ్గుతాయి కనుక అసలు ఇంకా పెంచవలసి రావచ్చు.

మన సభ్యుల్లో నెలకు 40 వేల పెన్షను వచ్చేవారి సంగతి తీసుకుందాం. సంవత్సరానికి 4 లక్షల 80 వేలు. 2025–26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను లేదు కనుక వారు కట్టే ఆదాయపు పన్ను సున్న. దానిని రద్దు చేస్తే వారికి కలిసొచ్చేది కూడా సున్నే. కాని ఆ నలభై వేలూ నెలాఖరుకు దాదాపు ఖర్చయిపోతాయి, ప్రతి కొనుగోలులోనూ పెరిగిన పన్ను వారిని తాకుతుంది. కోటి రూపాయల ఆదాయం ఉన్న పెద్దమనిషికి పాతిక లక్షలకు పైగా ఆదాయపు పన్ను మిగులుతుంది. ఆయన కోటీ ఖర్చు చేయడు. మిగిలినది భూముల్లోనో, షేర్లలోనో పెడతాడు. ఇక కుటుంబ పెన్షను మీద బతికే మన వదినలు, చెల్లెళ్ల మాట చెప్పనక్కరలేదు.

అమెరికాలో పిల్లలున్న సభ్యులు “అక్కడ ఈ ఆలోచన ఉంది గదా” అంటారు. ఉంది. 1999లో జాన్ లిండర్ అనే ప్రతినిధి ‘ఫెయిర్ టాక్స్’ బిల్లు ప్రవేశపెట్టారు. ఆ తరువాత పలుమార్లు వచ్చింది, ఒక్కసారీ చట్టం కాలేదు. అందులో చెప్పే 23 శాతం, పన్ను కలిపిన ధర మీద లెక్క. మన కొట్లలో వేసుకునే పద్ధతిలో అయితే దాదాపు 30 శాతం. పేదలకు దెబ్బ తగలకుండా ప్రతి కుటుంబానికీ నెలనెలా కొంత సొమ్ము ముందుగానే ఇస్తామన్నారు. మనకు జీవన ప్రమాణ పత్రానికే వేలిముద్ర పడక బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాం, ఇక ఆ సొమ్ము సంగతి మీరే ఊహించుకోండి. ఇంకొక చిక్కు పెద్దవాళ్లకే ప్రత్యేకం. సర్వీసంతా ఆదాయపు పన్ను కట్టి, మిగిలినది దాచుకున్నవాడు, విశ్రాంత జీవితంలో ఆ దాచినదాన్ని ఖర్చుపెట్టేటప్పుడు కొత్త అమ్మకం పన్ను కూడా కట్టాలి. ఒకే రూపాయికి రెండుసార్లు. పన్నుల విధానం మారే రోజున ఉద్యోగంలో చేరే కుర్రవాడికి ఈ బాధ లేదు, మనకే ఉంది.

అందుచేత మహాసభలో ఆ తీర్మానానికి సవరణ ప్రతిపాదించాలని నిశ్చయించుకున్నాను. రద్దు మాట వదిలి, రెండు కోరికలు పెడదాం. మొదటిది స్టాండర్డ్ డిడక్షను. 1974లో వచ్చిన ఈ సదుపాయాన్ని 2005లో ఎత్తేశారు. 2018లో తిరిగి 40 వేలుగా ఇచ్చారు. 2024లో కొత్త విధానంలో 75 వేలు చేశారు. ధరలతో పాటు అది పెరిగే ఏర్పాటు కావాలి. రెండవది ఆరోగ్య బీమా. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మినహాయింపు ఇచ్చినది వ్యక్తులు, కుటుంబాలు సొంతంగా తీసుకునే పాలసీలకు మాత్రమే. సంఘాల ద్వారా, పాత యాజమాన్యాల ద్వారా తీసుకునే గ్రూపు పాలసీలను 18 శాతంలోనే ఉంచారు. వయసు మీరినవారికి సొంత పాలసీ దొరకటమే కష్టం కనుక మనలో చాలామంది గ్రూపు పాలసీల్లోనే ఉన్నాం. సభ్యులు తమ ఇటీవలి ప్రీమియం రసీదులు జిరాక్సు తీసి మహాసభకు వెంట తేగలరని మనవి. ఎవరు ఎంత జీఎస్టీ కట్టారో లెక్క కట్టి, వినతిపత్రానికి జతచేస్తాము.