తోడేలు పోయాక మిగిలిన కుక్క

ఐర్లండు తన సొంతమని చెప్పుకునే కుక్కజాతులు తొమ్మిది. వుల్ఫ్‌హౌండ్ ఒకటి, సెట్టర్లు రెండు, టెరియర్లు నాలుగు, వాటర్ స్పానియల్ ఒకటి, కెర్రీ బీగిల్ ఒకటి. పిల్లలకు ఆటతోడుగా ఉండడానికని వీటిలో ఏదీ పుట్టలేదు. తోడేలును తరమడానికి ఒకటి, పొదల్లో దాగిన పిట్టను పసిగట్టడానికి ఒకటి, నీళ్లలో పడిన బాతును తేవడానికి ఒకటి, రైతు గాదెల్లో ఎలుకలను పట్టడానికి మరొకటి, ఇలా ఒక్కొక్క పనికి ఒక్కొక్క జాతి ఏర్పడింది. పని తగ్గిపోయిన తరువాత అవి ఇళ్లలోకి వచ్చాయి. అందువల్ల ఫలానా ఐరిష్ కుక్క సంసారుల ఇంటికి తగినదా అన్న ప్రశ్న పైకి పెంపకానికి సంబంధించినదిగా కనిపించినా, లోపల అది చరిత్రకు సంబంధించిన ప్రశ్న.

వీటిలో వుల్ఫ్‌హౌండ్ కథ అతి పురాతనం. క్రీ.శ. 4వ శతాబ్దం చివర రోమన్ ప్రముఖుడు సిమ్మాకస్, తనకు ఏడు ఐరిష్ కుక్కలను పంపిన ఫ్లావియానస్‌కు కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం రాశాడు. వాటిని చూసి రోము నగరం ఎంత విస్తుపోయిందంటే, ఇనుప బోనుల్లో పెట్టి తెచ్చి ఉంటారని జనం అనుకున్నారట. ఐరిష్ భాషలో 'కూ' అంటే వేటకుక్క. ఆ దేశపు ఇతిహాస వీరుడు కూహులిన్ పేరులోనే ఆ మాట ఉంది. సెటాంటా అనే బాలుడు కులన్ అనే కమ్మరి కాపలాకుక్కను ఆత్మరక్షణకై చంపి, దాని బదులు ఇంకొక కుక్క పెరిగేదాకా తానే కాపలా కాస్తానని మాట ఇచ్చాడు. 'కులన్ వేటకుక్క' అన్నదే అతని పేరయింది. కుక్క పేరు తిట్టు కాకుండా బిరుదుగా నిలిచిన సమాజం అది. రాజులు రాజులకు ఇచ్చుకునే కానుకల్లో ఈ కుక్కకు స్థానం ఉండేది. సామాన్యుడి వాకిట అది కట్టి ఉన్న జంతువు కాదు.

17వ శతాబ్దపు యుద్ధాలు ఐర్లండు పల్లెలను పాడుబెట్టాయి. మనుషులు ఖాళీ చేసిన చోట తోడేళ్లు పెరిగాయి. దేశం విడిచిపోయేవారు తమ వేటకుక్కలను వెంట తీసుకుపోతూంటే, క్రామ్‌వెల్ పాలనాయంత్రాంగం 1652లో ఆ ఎగుమతిని నిషేధించింది. మరుసటి సంవత్సరం ఆడతోడేలును చంపినవారికి 6 పౌండ్లు, మగతోడేలుకు 5 పౌండ్లు బహుమానం ప్రకటించింది. కుక్క తన పనిని బాగా చేసింది. చివరి తోడేలును 1786లో కార్లో ప్రాంతంలో చంపారని సంప్రదాయంగా చెబుతారు. తోడేలు అంతరించడంతో దానిని వేటాడే కుక్కకు కూడా జీవనోపాధి పోయింది.

ఈ క్షీణదశను చూసి రాసినవారిలో ఆలివర్ గోల్డ్‌స్మిత్ ఒకరు. వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'కు ప్రేరణ అయిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' రచయితగా తెలుగువారికి ఆయన పరిచితుడే. 1774లో వెలువడిన ఆయన ప్రాణిశాస్త్ర గ్రంథంలో ఈ కుక్క స్వదేశంలోనే అరుదైపోయిందనీ, ఉపయోగానికి కాక ప్రదర్శనకే దానిని పెంచుతున్నారనీ ఉంది. తాను చూసిన వాటిలో పెద్దది నాలుగడుగుల ఎత్తు ఉందని కూడా ఆయన రాశారు. ఆ కొలత అతిశయోక్తి కావచ్చు. ఉపయోగం నుంచి ప్రదర్శనకు మారిందన్న పరిశీలన మాత్రం తరువాతి రెండు శతాబ్దాల కథకు సూత్రం వంటిది.

1862 ప్రాంతంలో కెప్టెన్ జార్జ్ ఆగస్టస్ గ్రాహం ఈ జాతిని నిలబెట్టడానికి పూనుకున్నాడు. ఆయన ఉన్నది ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో. పాత రక్తం మిగిలి ఉందని చెప్పే కొద్దిపాటి కుక్కలను సేకరించి, స్కాటిష్ డీర్‌హౌండ్‌తోనూ, గ్రేట్ డేన్‌తోనూ, రష్యన్ బోర్జోయితోనూ సంకరం చేశాడు. ఎత్తు ఒకదాని నుంచి, బరువు ఒకదాని నుంచి, గరుకు బొచ్చు ఒకదాని నుంచి వచ్చాయి. 1885లో ఆయన పూనికతో వుల్ఫ్‌హౌండ్ క్లబ్ ఏర్పడింది. 1897లో ఎడ్మండ్ హోగన్ అనే జెసూట్ పండితుడు ప్రాచీన గ్రంథాల్లో ఈ కుక్క ప్రస్తావనలను కూర్చి ఒక చరిత్ర వెలువరించాడు. ఒకరు శరీరాన్ని, మరొకరు వంశకథను సమకూర్చినట్లయింది. గ్రాహం చేసింది పునరుద్ధరణా, కొత్త సృష్టా అన్న వాదం ఆనాడే మొదలైంది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. 1902లో ఐరిష్ గార్డ్స్ దళానికి బ్రయన్ బోరూ అనే వుల్ఫ్‌హౌండ్ చిహ్నంగా చేరింది. వేట లేని వేటకుక్క కవాతులో ముందు నడిచింది.

ఇతర జాతుల చరిత్రలోనూ దేశాభిమానం, ప్రదర్శనల పోటీ పెనవేసుకున్నాయి. కెర్రీ బ్లూ టెరియర్ పశువులు తోలిన, ఎలుకలు పట్టిన రైతు కుక్క. స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ పెంచిన కెర్రీ బ్లూ పేరు 'ఖైదీ 224'. లండన్ కెన్నెల్ క్లబ్ అనుమతి లేకుండా 1920 అక్టోబరులో డబ్లిన్‌లో ఈ జాతి అభిమానులు ప్రదర్శన జరిపారు. రెండేళ్లలో, 1922లో, ఐరిష్ కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. పేదరైతు కుక్కగా పేరున్న వీటెన్ టెరియర్‌కు ఆ క్లబ్ గుర్తింపు 1937లో గాని రాలేదు. వీటెన్ అంటే గోధుమవన్నె. విక్లో కొండల్లోని ఇమాల్ లోయ టెరియర్‌కు 1934లో వచ్చింది. తెలుపు మీద ఎరుపు మచ్చలున్న సెట్టర్ మొదటి ప్రపంచయుద్ధం ముగిసేనాటికి దాదాపు కనుమరుగైతే, నోబుల్ హ్యూస్టన్ అనే మతగురువు మొదలైన కొద్దిమంది దానిని మళ్లీ పెంచుకొచ్చారు.

పని పోయినా పనికోసం అలవడిన స్వభావం పోలేదు. పొలాల మీద రోజంతా పరుగెత్తడానికి పెంచిన ఎర్ర సెట్టర్ ప్రేమగలది, పిల్లలతో కలుపుగోలుగా ఉంటుంది. పరుగు లేకపోతే మాత్రం ఇల్లు పీకి పందిరి వేస్తుంది. టెరియర్లకు తవ్వడం, తరమడం, ఎదురు తిరగడం పుట్టుకతో వచ్చిన విద్యలు. ఇంట్లో కుందేలో పిల్లో ఉంటే ఆ విద్యే చిక్కు తెస్తుంది. వాటిలో వీటెన్ కొంత మెత్తనిది, గ్లెన్ ఆఫ్ ఇమాల్ కొంత నిదానమైనది. అయినా రెండూ టెరియర్లే. వుల్ఫ్‌హౌండ్ సాత్వికమైనది, ఇంటి కాపలాకు పెద్దగా పనికిరాదు. కాని కదిలే జంతువు కంటపడితే తరిమే గుణం దానిది. మగకుక్క కనీసం 79 సెంటీమీటర్ల ఎత్తు, 54 కిలోలకు పైబడిన బరువు ఉండాలన్నది ప్రమాణం. అంత జంతువు తోక ఆడిస్తూ పక్కకు తిరిగినా చిన్నబిడ్డ కింద పడుతుంది. అందులో దాని దురుద్దేశం ఏమీ ఉండదు.

స్వభావం పని నుంచి వచ్చినట్లే, రోగం పునరుద్ధరణ తీరు నుంచి కొంత వచ్చింది. కొద్ది కుక్కల సంతానాన్నే మళ్లీ మళ్లీ జతచేసినప్పుడు, వాటిలో దాగి ఉన్న లోపాలు జాతి అంతటా పరుచుకుంటాయి. వుల్ఫ్‌హౌండ్ సాధారణంగా 6 నుంచి 8 ఏళ్లు బతుకుతుంది. గుండె కండరం బలహీనపడి గదులు సాగిపోయే జబ్బు, ఎముక కాన్సర్, కడుపు ఉబ్బి మెలిపడడం దానికి తరచు ప్రాణాంతకాలు. భారీ శరీరం కూడా ఇందుకొక కారణం. ఒకటో తరగతి బిడ్డకు కొనిచ్చిన కుక్కపిల్ల, ఆ బిడ్డ హైస్కూలు దాటకముందే పోతుంది. ఆ దుఃఖం ఆకస్మికం కాదు, కొన్ననాడే ఇంటికి వచ్చినది.

ఈ విషయంలో ఆశకు ఆధారం సెట్టర్ల నుంచి లభించింది. ఐరిష్ సెట్టర్లలో చిన్నవయసులోనే చూపు పోగొట్టే రెటీనా జబ్బుకు కారణమైన జన్యులోపాన్ని 1993లో గుర్తించారు. తెల్లరక్తకణాలు రక్తనాళం దాటి సూక్ష్మజీవుల దగ్గరకు చేరలేకపోవడం వల్ల కుక్కపిల్లలు అంటురోగాలతో చనిపోయే జబ్బుకు మూలం 1999లో దొరికింది. ఈ రెండు జబ్బుల వంటివి మనుషుల్లోనూ ఉన్నాయి. రక్తపరీక్షతో లోపాన్ని మోస్తున్న కుక్కను గుర్తించి, లోపం లేని దానితోనే జతచేస్తే రోగమున్న పిల్లలు పుట్టవు. మంచి గుణాలున్న కుక్కను పక్కకు నెట్టనక్కరలేదు, ఉన్న కొద్దిపాటి వంశవైవిధ్యం మరింత తరగదు. ఇవి ఒక్క జన్యువు వల్ల కలిగే జబ్బులు కనుక ఇది సాధ్యమైంది. వుల్ఫ్‌హౌండ్ గుండెజబ్బులోనూ ఎముక కాన్సర్‌లోనూ అనేక జన్యువుల పాత్ర ఉంది. అక్కడ ఒక్క పరీక్షతో తేలే సమాధానం లేదు. తల్లిదండ్రుల, తాతముత్తాతల ఆయుర్దాయాన్ని దాచకుండా నమోదు చేసే పెంపకందారులే అక్కడ దిక్కు.

పొరుగుదేశమైన వేల్స్‌లో గెలర్ట్ అనే వేటకుక్క కథ ప్రసిద్ధం. అది ఐరిష్ వుల్ఫ్‌హౌండేనని చెప్పేవారున్నారు. వేట నుంచి వచ్చిన రాజు లెవెలిన్‌కు తలకిందులైన ఉయ్యాల, నెత్తురంటిన కుక్క నోరు కనిపించాయి. బిడ్డను చంపిందనుకొని కత్తి దూసి కుక్కను పొడిచాడు. తరువాత ఉయ్యాల కింద బిడ్డ క్షేమంగా ఉండటం, పక్కన తోడేలు చచ్చి ఉండటం చూశాడు. పామును చంపి బిడ్డను కాపాడిన ముంగిసను తొందరపడి చంపిన పంచతంత్ర కథ తెలిసినవారికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు. భారతదేశం నుంచి పడమటికి సాగిన కథ అక్కడ ముంగిసను కుక్కగా, పామును తోడేలుగా మార్చుకుంది.

పంచతంత్రంలో ఆ కథ ఉన్న తంత్రానికి అపరీక్షితకారకమని పేరు, అంటే పరీక్షించకుండా చేసిన పని. లెవెలిన్ తొందర కుక్కను చంపడంలో కనిపించింది. ఈనాటి ఇళ్లలో అది కుక్కను తేవడంలో కనిపిస్తుంది. బొమ్మలోని అందాన్నీ, 'సాధుస్వభావం' అన్న ఒక్క మాటనూ నమ్మి కుక్కపిల్లను తెచ్చుకుని, ఏడాది తిరగకుండానే ఆశ్రయకేంద్రానికి అప్పగించే ఇళ్లున్నాయి. ఈ జాతి ఏ పనికి పుట్టింది, ఆ పనికి బదులుగా ఈ ఇల్లు ఏమివ్వగలదు, దీని తల్లిదండ్రులు ఎన్నేళ్లు బతికారు, ఏ జబ్బుతో పోయారు అన్న నాలుగు ప్రశ్నలు ముందుగా అడిగితే చాలా కుటుంబాలు వుల్ఫ్‌హౌండ్‌ను వద్దనుకుంటాయి, కొన్ని కుటుంబాలు తెలిసే తెచ్చుకుంటాయి. ఆరేడేళ్ల స్నేహమని తెలిసి, అందుకు సిద్ధపడి తెచ్చుకున్న ఇంట్లో ఆ కుక్క బతుకు చిన్నదైనా సుఖంగా సాగుతుంది.