పద్దెనిమిదేళ్ల పిల్ల పెట్టిన దరఖాస్తు

1883 జూన్ 28. న్యూజెర్సీ రాష్ట్రంలో రోసెల్ అనే ఊరు. కార్పెంటర్ గారింట్లో ఒక మరాఠీ అమ్మాయి ఉత్తరం రాయడానికి కూర్చుంది. పేరు ఆనందీబాయి జోషి. వయసు పద్దెనిమిది. పెళ్లయి తొమ్మిదేళ్లు. కన్న బిడ్డ పది రోజులకే పోయాడు. భర్త బెంగాల్లో తపాలా ఉద్యోగం చేసుకుంటున్నాడు. న్యూయార్క్‌లో ఓడ దిగి ఇంకా నెల కాలేదు.

ఉత్తరం వెళ్లాల్సింది ఫిలడెల్ఫియాలోని ఉమన్స్ మెడికల్ కాలేజ్ ఆఫ్ పెన్సిల్వేనియాకి, ఆల్ఫ్రెడ్ జోన్స్ అనే పెద్దమనిషి పేరిట. సీటు ఇమ్మని అడగాలి.

ఏమని అడుగుతుంది? మెట్రిక్ పాసైన దాఖలా లేదు. కొన్నాళ్లు బొంబాయిలో మిషన్ స్కూలుకి వెళ్లింది తప్ప, చదువంతా ఇంట్లో భర్త దగ్గరే. ఆయనకు ఎక్కడికి బదిలీ అయితే అక్కడ: అలీబాగ్, బొంబాయి, భుజ్, కలకత్తా, శ్రీరాంపూర్. ఒంట్లో ఎప్పుడూ నలతే. చేతిలో ఉన్న డబ్బు మూడేళ్ల చదువుకి ఏ మూలకీ చాలదు. పైగా అప్పటిదాకా ఆ కాలేజీ మెట్లెక్కిన హిందూ స్త్రీ లేదు. పోల్చి చూసుకుందామన్నా ముందు వెళ్లినవాళ్లు లేరు.

ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. ఆ కాలేజీ కాలక్రమంలో డ్రెక్సెల్ యూనివర్సిటీలో కలిసిపోయింది. అక్కడి పాత దస్తావేజుల్లో ఈ ఉత్తరాన్ని భద్రంగా దాచారు. నన్ను కట్టిపడేసేది అందులోని నిజాయితీ. వయసు, ఆరోగ్యం విషయంలో మీ నిబంధనలు సడలించడానికి వీల్లేనివైతే బహుశా నేను సరిపోను అని తనే రాసింది. లేని అర్హతకు మెరుగులు దిద్దలేదు. నావాళ్లూ నా కులంవాళ్లూ అంతా ఒక్కటై వద్దన్నా మీ దేశం దాకా వచ్చాను, ఆ పట్టుదలను లెక్కలోకి తీసుకోండి అంది. మగ డాక్టరు చెయ్యి పడటం కంటే చావే నయమనుకునే మా ఆడవాళ్ల కోసం వచ్చాను అంది.

ఆ పట్టుదల ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి.

పుట్టింది 1865 మార్చి 31న, బొంబాయి దగ్గర కల్యాణ్‌లో. పుట్టింటివాళ్లు పెట్టిన పేరు యమున. తొమ్మిదో ఏట గోపాలరావు జోషికిచ్చి పెళ్లి చేశారు. ఆయన తపాలా గుమాస్తా, మొదటి భార్య పోయినవాడు, పిల్లకంటే ఇరవై ఏళ్లు పెద్ద. భార్యకు చదువు చెప్పాలన్నది ఆయన పంతం. ఒకరోజు ఆ పిల్ల పుస్తకం పక్కన పెట్టి, వంటింట్లో అమ్మమ్మకు సాయం చేస్తూ కనిపించింది. గోపాలరావు చావబాదాడు. వంట చేయలేదని పెళ్లాన్ని కొట్టే లోకంలో ఈయన వంట చేసిందని కొట్టాడని ఊరంతా చెప్పుకుంది.

గోపాలరావును సంస్కర్తగా నిలబెట్టి ఈ దెబ్బల సంగతి ఒక్క వాక్యంలో దాటేసే వ్యాసాలు చాలా చదివాను. నాకు అవి మింగుడుపడవు. ఎందుకంటే ఆనంది దాటేయలేదు. తర్వాతి రోజుల్లో అమెరికా నుంచి ఆయనకే రాసింది: పదేళ్లప్పుడు కర్రముక్కలతో కొట్టడం, పన్నెండేళ్లప్పుడు కుర్చీలూ పుస్తకాలూ విసరడం, వదిలేసి పోతానని బెదిరించడం, పద్నాలుగేళ్లప్పుడు మరేవో వింత శిక్షలు. ఏదీ మరిచిపోలేదు. ఆయన అనుకున్న గమ్యాన్ని బట్టి చూస్తే అది ఒప్పే కావచ్చు, పసి మనసు మీద పడే దెబ్బను బట్టి చూస్తే తప్పే అని తీర్పు చెప్పింది. అంత స్పష్టంగా భర్తకు రాయగలిగిన స్త్రీలు ఆ కాలంలో ఎందరున్నారు?

పద్నాలుగేళ్లకు కొడుకు పుట్టాడు. పది రోజులు బతికాడు. సరైన వైద్యం అందలేదు. బాలింత గదిలోకి మగ వైద్యుణ్ని రానివ్వరు, ఆడ వైద్యురాలు లేదు. ఆమె చదువు వైద్యం వైపు మళ్లింది అక్కడే.

గోపాలరావు అంతకుముందే ఒక అమెరికన్ మిషనరీకి ఉత్తరం రాసి ఉన్నాడు, నా భార్యను అమెరికాలో చదివించాలని ఉంది, సాయపడతారా అని. వైల్డర్ అనే ఆ మిషనరీ, క్రైస్తవంలో చేరితే చూద్దామన్నట్టు జవాబిచ్చి, ఆ ఉత్తరాన్నీ తన జవాబునీ కలిపి ప్రిన్స్‌టన్‌లో నడుపుతున్న తన పత్రికలో అచ్చేశాడు. సాయం అయితే దొరకలేదు. కానీ 1880లో రోసెల్‌కు చెందిన థియోడిసియా కార్పెంటర్ అనే గృహిణి పన్ను చూపించుకోవడానికి డెంటిస్టు దగ్గరికి వెళ్లింది. వంతు కోసం కూర్చుని, అక్కడున్న పత్రిక తిరగేస్తుంటే ఈ ఉత్తరాలు కంటపడ్డాయి. ఇంటికెళ్లి ఇండియాకి ఉత్తరం రాసింది. అలా మొదలైన ఉత్తరాల రాకపోకలు మూడేళ్లు సాగాయి. ఆనంది ఆమెతో పిన్ని వరస కలుపుకుంది. కలకత్తాలో తలనొప్పి, జ్వరం, ఆయాసం పట్టి పీడిస్తుంటే ఆ పిన్ని అమెరికా నుంచి మందులు పంపింది. అవి పని చేయలేదు.

ఆరోగ్యం విషయంలో నేను మీ నిబంధనలకు సరిపోకపోవచ్చు అని రాసినప్పుడు ఆనందికి తన ఒళ్లు ఏపాటిదో తెలుసు. గోపాలరావుకీ తెలుసు. అయినా నువ్వు ముందు వెళ్లు, నేను తర్వాత వస్తాను అన్నాడాయన.

బ్రాహ్మణ ఇల్లాలు సముద్రం దాటడమా? అదీ ఒంటరిగానా? శ్రీరాంపూర్‌లో ఇంటి మీదికి వచ్చి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. దానికి ఆనంది చేసిన పని ఆ రోజుల్లో మగవాళ్లు కూడా సాహసించనిది. 1883 ఫిబ్రవరి 24న శ్రీరాంపూర్ కాలేజీ హాల్లో సభ పెట్టించి, ఊరిపెద్దలూ తెల్లదొరలూ కూర్చుని ఉండగా లేచి నిలబడి ఇంగ్లిష్‌లో మాట్లాడింది. జనం తనని పదేపదే అడుగుతున్న ఆరు ప్రశ్నలను తనే వరసగా పెట్టుకుని జవాబు చెప్పింది.

అమెరికాకే ఎందుకు? ఇక్కడ చదువుకునే దారి లేదా? ఉంది, మద్రాసులో ఒక కాలేజీ ఉంది అని ఒప్పుకుంది. 1875లోనే మద్రాసు మెడికల్ కాలేజీ ఆడపిల్లలకు తలుపు తీసిన మాట నిజం. అయితే ఇక్కడ నేర్పే చదువు అరకొరగా ఉంటోందనీ, నేర్పేవాళ్లకే ఆడవాళ్లు డాక్టర్లు కావడం ఇష్టం లేదనీ ఆమె ఫిర్యాదు. ఆ తర్వాత చెప్పిన సంగతి సభలో చాలామందికి ఇబ్బంది కలిగించే ఉంటుంది. బొంబాయిలో బడికి నడిచి వెళ్తుంటే దారినపోయేవాళ్లు చుట్టూ మూగి పగలబడి నవ్వేవారు. అరుగుల మీద కూర్చున్న పెద్దమనుషులు వెకిలి మాటలని, గులకరాళ్లు విసిరేవారు. దుకాణాలవాళ్లు చూసి ఉమ్మేవారు. పుస్తకం పట్టుకున్న పిల్ల మీద రాళ్లేసే చోట డాక్టరు చదువు ఎలా సాగుతుందో మీరే చెప్పండి అన్నట్టుంది ఆ జవాబు.

ఒంటరిగా ఎందుకు? భర్త సంపాదన మీద ముసలి తల్లిదండ్రులూ తమ్ముళ్లూ ఆధారపడి ఉన్నారు. తిరిగొచ్చాక వెలివేయరా? అక్కడా నా తిండి, నా కట్టు, నా ఆచారం మార్చను. హిందువుగా వెళ్తాను, హిందువుగా తిరిగొస్తాను. వెలివేసేదేదో ఇప్పుడే వేయండి, అప్పటిదాకా ఆగడమెందుకు అని ఎదురడిగింది.

ఆఖరి ప్రశ్న, ఆడవాళ్లెవరూ చేయని పని నువ్వెందుకు చేయాలి? దీనికి జవాబుగా మూడు రకాల మనుషుల సంగతి చెప్పింది: ఓడిపోతామని మొదలే పెట్టనివాళ్లు, మొదలుపెట్టి అడ్డంకి రాగానే వదిలేసేవాళ్లు, ఎన్ని అడ్డంకులొచ్చినా వదలనివాళ్లు. ఆమె దాన్ని మనువు మాటగా చెప్పింది. తెలుగు బడిలో చదివిన ఎవరికైనా భర్తృహరి సుభాషితం, ఏనుగు లక్ష్మణకవి పద్యం చప్పున గుర్తొస్తాయి. మనం మార్కుల కోసం బట్టీ పట్టిన నీతిని ఆ పిల్ల పరాయి భాషలో, నిండు సభలో, తన ప్రయాణానికి సమర్థనగా నిలబెట్టింది.

ఆ ప్రసంగం అచ్చయింది, కొంత విరాళం వచ్చింది. నగలు అమ్మింది. ఏప్రిల్ 7న కలకత్తాలో ఓడ ఎక్కింది. తోడు ఒక మిషనరీ భార్య. ప్రయాణం పొడవునా మతం మారమని ఆవిడ ఒత్తిడి. జూన్ 4న న్యూయార్క్‌లో దిగేసరికి, మూడేళ్లుగా అక్షరాల్లోనే తెలిసిన కార్పెంటర్ పిన్ని ఎదురొచ్చి ఇంటికి తీసుకెళ్లింది. జూన్ 28న ఆ ఇంట్లోనే దరఖాస్తు రాసింది.

ఇప్పుడు కాలేజీ వైపు నుంచి చూద్దాం. 1850లో మొదలైన ఆ కాలేజీకి గేటు బయట నిలబెట్టడం అంటే ఏమిటో బాగా తెలుసు. 1869లో దాని విద్యార్థినులు ఫిలడెల్ఫియాలో ఒక ఆసుపత్రి క్లినిక్కులో పాఠం వినడానికి వెళ్తే, మగ విద్యార్థులు ఈలలు వేసి, అల్లరి చేసి, బయటిదాకా తరిమారు. అప్పటి డీన్ రాచెల్ బాడ్లీ రసాయన శాస్త్రం చెప్పే ప్రొఫెసరు. అలాంటి చోట చదువు చెప్పిన మనిషికి, బొంబాయి అరుగుల మీద నుంచి వచ్చి పడిన గులకరాళ్ల కథ కొత్తగా అనిపించి ఉండదు. నిబంధనల పుస్తకం తెరిచి వయసెంత, సర్టిఫికెట్లేవి అని అడగడం సులువే. కాలేజీ అలా చేయలేదు. సీటు ఇచ్చింది, 600 డాలర్ల ఉపకారవేతనం కూడా ఇచ్చింది.

ఈనాడు గుంటూరు నుంచో వరంగల్ నుంచో అమెరికాలో మెడిసిన్ చదవాలనుకునే పిల్లలకు ఈ కథ వేరేలా వినిపిస్తుంది. అక్కడి మెడికల్ కాలేజీల్లో ఎక్కువ శాతం విదేశీ అభ్యర్థుల దరఖాస్తులే తీసుకోవు. తీసుకునేవాటిలో చాలావాటికి అమెరికాలోనో కెనడాలోనో కొంతైనా చదివి ఉండాలి, ఎంక్యాట్ ప్రవేశ పరీక్ష రాయాలి, ఫీజుకి హామీ చూపాలి. ఇంజినీరింగ్ చేసి, నాలుగేళ్లు ఉద్యోగం చేసి, ముప్పయ్యో ఏట మనసు వైద్యం మీదికి మళ్లినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లతో అందరూ అనే మొదటి మాట, ఈ వయసులో ఎందుకు అని. శ్రీరాంపూర్ సభలో ఆరో ప్రశ్న కూడా అలాంటిదే. ప్రవేశాల కమిటీల్లో కూర్చునేవాళ్లు 1883 నాటి ఈ ఫైలు ఒకసారి తీసి చదవాలని నా కోరిక. ఆ రోజు మార్కుల గడి మాత్రమే చూసి ఉంటే మనకు ఆనందీబాయి లేదు.

సీటు దొరికాక జీవితం సుఖంగా ఏమీ నడవలేదు. ఫిలడెల్ఫియాలో అద్దెకు తీసుకున్న గదిలో పొయ్యి సరిగా లేదు. మంట వేస్తే గది నిండా పొగ, వేయకపోతే ఎముకలు కొరికే చలి. మాట ఇచ్చినట్టే శాకాహారం, చీర కట్టు వదల్లేదు. తొమ్మిది గజాల చీరకట్టు కాళ్లకు సరిపడా వెచ్చదనం ఇవ్వదని, గుజరాతీ కట్టుకు మాత్రం మారింది. దగ్గు మొదలైంది. క్షయ అని తేలేసరికి చదువు పూర్తికావచ్చింది.

1886 మార్చి 11న పట్టా అందుకుంది. ఆర్య హిందువుల ప్రసూతి వైద్యం మీద సిద్ధాంత వ్యాసం రాసింది. సంస్కర్త పండిత రమాబాయి ఆ పట్టాల సభకు ఇంగ్లండ్ నుంచి వచ్చింది. ముందు ఏడాది తీసిన ఒక ఫొటోలో ఆనంది పక్కన జపాన్ నుంచి వచ్చిన కెయికో ఒకామి, సిరియా నుంచి వచ్చిన సాబత్ ఇస్లాంబూలీ కూర్చున్నారు. ముగ్గురూ తమ తమ దేశపు బట్టల్లో. ఆ కాలేజీ ఎవరెవరికి తలుపు తీసిందో ఆ ఒక్క ఫొటో చాలు.

కొల్హాపూర్ సంస్థానం ఆమెను ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో స్త్రీల వార్డుకు డాక్టరుగా వేసింది. ఆ ఉద్యోగంలో చేరనే లేదు. 1887 ఫిబ్రవరి 26న పుణెలో కన్నుమూసింది. ఇరవై రెండు నిండటానికి ఇంకా నెల ఉంది. ఒక్క రోగినీ చూడకుండా పోయింది, ఏం లాభం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆమె అడిగింది సీటు ఒక్కటే కాదు, ఆ సీటుకు ఎవరు తగుదురో మళ్లీ ఆలోచించమని అడిగింది.

తెలుగువాళ్లకు ఆ కాలేజీతో ఇంకో బంధం ఉంది. 1879లో అక్కడే పట్టా పుచ్చుకున్న అన్నా సారా కుగ్లర్, ఆనంది అమెరికాకు వెళ్లిన 1883లోనే గుంటూరు వచ్చింది. పంపిన మిషన్ బోర్డుకు అప్పటికి డాక్టరమ్మను పెట్టే ఉద్దేశం లేదు. బడిపనీ, ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు చదువు చెప్పే పనీ అప్పగించింది. కుగ్లర్ వైద్యం మానలేదు. బోర్డు తర్వాత దారికొచ్చింది, 1898లో ఆసుపత్రి వెలిసింది. గుంటూరులో ఇప్పటికీ జనం దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు.

ఆనంది తర్వాత ఫిలడెల్ఫియాలో ఆ కాలేజీ పట్టా అందుకున్న రెండో భారతీయ స్త్రీ గురుబాయి కర్మార్కర్. అది 1892లో. బొంబాయికి తిరిగొచ్చి రెండు దశాబ్దాలకు పైగా అక్కడి ఆడవాళ్లకు వైద్యం చేసింది.