చూపులేనివారికి ఆన్‌లైన్ బల్లమీది ఆటలు

చదరంగం, పేక, పాచికల వంటి ఆటలను అంధులు స్క్రీన్ రీడర్ సాయంతో ఇంటర్నెట్‌లో ఆడుకునే ఏర్పాటు. ఎన్‌వీడీఏ, జాస్ వంటి సాఫ్ట్‌వేర్లు తెరమీది అక్షరాలను చదివి వినిపిస్తాయి. బొమ్మగా మాత్రమే పెట్టిన పావును, పేకముక్కను పోల్చుకోవడం వాటికి కష్టం, చిక్కంతా అక్కడే. లీచెస్ చదరంగం సైటు ఇందుకు మంచి దారి చూపింది. అంధుల పద్ధతిలో ఎత్తును టైపు చేస్తారు. 'ఎల్' కొడితే చివరి ఎత్తు, 'సి' కొడితే గడియారం వినిపిస్తాయి. ప్రత్యర్థి పావు కదిపిన సంగతి అడగకుండానే చెవిన పడాలి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2014లో ఖరారు చేసిన ఏరియా (ARIA) ప్రమాణం, పేజీలోని మార్పును స్క్రీన్ రీడర్‌కు తెలిపేది, అందుకు పనికొస్తుంది. మౌస్‌తో లాగితేనే కదిలే పావులు మరో అడ్డంకి; ప్రతి పనికీ కీబోర్డు మీట ఉండి తీరాలి. అప్పుడే మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న మనవడితో గుంటూరులో ఉన్న చూపులేని తాతయ్య ఎవరి సాయమూ లేకుండా ఆడగలడు. వినడానికి పట్టే సమయాన్ని ఆట గడియారంలో కలిపి ఇవ్వడమూ న్యాయం.