కూతవేటు నుంచి మిల్ చుక్క దాకా: స్కోపు దూరం ఎలా చెబుతుంది?

తిరునాళ్ళలో బెలూన్లు పేల్చే ఆట ఆడనివాళ్ళు మనలో తక్కువే. గుడ్డ తెర మీద వరసగా బెలూన్లు, చేతిలో పాత ఎయిర్ గన్. తప్పితే గొట్టం వంకరని తిట్టుకున్నాం గానీ, బెలూన్ ఎంత దూరంలో ఉందని ఎవరం ఆలోచించలేదు. ఆ అవసరమే లేదు, అది చెయ్యి చాస్తే అందేంత దగ్గర.

కిందటి శరదృతువులో ఒంటారియోలో ఒక మిత్రుడు తన ఎయిర్ రైఫిల్ చేతికిచ్చి, చెట్ల మధ్య ఉన్న ఇనప కాకి బొమ్మను చూపించాడు. కాకి ఛాతీలో 40 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం. పెల్లెట్ అందులోంచి వెళ్ళి వెనకున్న రేకుకు తగిలితే బొమ్మ పడిపోతుంది. రైఫిల్‌ని 30 మీటర్లకు సరిచేసి ఉంచాడు. నా కంటికి కూడా కాకి 30 మీటర్లే అనిపించింది. క్రాస్‌హెయిర్ సరిగ్గా రంధ్రం మధ్యలో పెట్టి కొట్టాను. ఠంగుమని చప్పుడైంది, కాకి మాత్రం పడలేదు. పెల్లెట్ రంధ్రం కింద తగిలింది. టేపు పట్టి చూస్తే 35 మీటర్లు.

ఎపిసోడ్‌లో ఈ కథ చెప్పాను గానీ, లెక్క జోలికి వెళ్ళలేదు. ఇక్కడ నింపాదిగా చూద్దాం.

అయిదు మీటర్ల తప్పు

కెనడా క్రిమినల్ కోడ్ ఎయిర్ గన్‌లకు రెండు గీతలు గీసింది. పెల్లెట్ గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు 152.4 మీటర్లు, అంటే 500 అడుగులు. శక్తి 5.7 జౌళ్ళు. ఈ రెండూ దాటితేనే దాన్ని సొంతం చేసుకోవడానికి తుపాకీ లైసెన్స్ కావాలి. అందుకే ఇక్కడి షాపుల్లో "495 ఎఫ్‌పీఎస్" అని రాసిన డబ్బాలు అంతగా కనిపిస్తాయి. గీతకు అయిదు అడుగులు ఇవతల ఆగిన తుపాకులన్నమాట.

నెమ్మదిగా వెళ్ళే పెల్లెట్ గాల్లో ఎక్కువసేపు ఉంటుంది. ఎక్కువసేపు ఉన్నది ఎక్కువ కిందికి జారుతుంది. స్కోపు గొట్టానికి 4.5 సెంటీమీటర్లు పైన ఉందనుకుని, గాలి అడ్డును ఉజ్జాయింపుగా కలిపి లెక్క వేశాను. 500 అడుగుల వేగంతో బయల్దేరిన పెల్లెట్ 30 మీటర్లు చేరేసరికి గొట్టం చూపిన గీతకు 22 సెంటీమీటర్లు కిందికి వస్తుంది. ఆ జారుడును 30 మీటర్ల దగ్గర స్కోపు సరిచేస్తుంది. కానీ లక్ష్యం 35 మీటర్లలో ఉంటే, గురి పెట్టిన చోటుకు దాదాపు 4.5 సెంటీమీటర్లు కింద తగులుతుంది. రంధ్రం మధ్య నుంచి అంచుకు ఉన్నదే 2 సెంటీమీటర్లు. కాకి పడకపోవడంలో వింతేముంది?

అదే సెకనుకు 240 మీటర్ల వేగంతో వెళ్ళే రైఫిల్ అయితే, ఈ అయిదు మీటర్ల తప్పుకు పెల్లెట్ సుమారు 1.2 సెంటీమీటర్లే కిందికి పోతుంది. కాకి పడిపోయేది, నేను గొప్ప షూటర్‌నని మురిసిపోయేవాణ్ణి. వేగం మన తప్పును కప్పిపుచ్చుతుంది. లైసెన్స్ అక్కర్లేని రైఫిల్ కప్పిపుచ్చదు. కాబట్టి దూరం తెలుసుకోవడం నేర్చుకోక తప్పదు.

అద్దంలో దారం

మన ఊళ్ళలో దూరానికి కూతవేటు అనే కొలత ఉండేది. కేక వేస్తే వినబడేంత దూరం. అందులో ఓ తెలివి దాగుంది: తెలిసినదాన్ని (మనిషి గొంతు) పెట్టి తెలియనిదాన్ని (దూరం) కొలవడం. స్కోపు చేసేదీ అంతే.

1640 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో విలియం గాస్కోయిన్ అనే యువకుడు టెలిస్కోపు లోపల, బింబం ఏర్పడే చోట సన్నని దారం పెడితే దారమూ నక్షత్రమూ రెండూ స్పష్టంగా కనిపిస్తాయని గ్రహించాడు. జరిగే రెండు అంచులను అక్కడే అమర్చి, గ్రహాల వెడల్పును కోణంగా కొలిచాడు. 1644లో అక్కడి అంతర్యుద్ధంలో చనిపోయాడు. ఈ రోజు ప్రతి స్కోపులోనూ ఉన్న క్రాస్‌హెయిర్‌కి మూలం అదే.

అయితే టెలిస్కోపు కొలిచేది కోణమే, దూరం కాదు. దగ్గరున్న పిచ్చుకా, దూరాన ఉన్న గద్దా అద్దంలో ఒకే సైజులో కనిపించవచ్చు. కోణాన్ని దూరంగా మార్చాలంటే ఎక్కడో ఒక పొడవు ముందే తెలిసి ఉండాలి.

ఈ పాఠం మన నేల మీదే పెద్ద ఎత్తున జరిగింది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ ఆధార రేఖను గొలుసు పట్టి కొలిచాడు. దానికే 57 రోజులు పట్టింది. ఆ ఒక్క గీత కచ్చితంగా తెలిశాక, అర టన్ను బరువున్న థియోడలైట్‌తో కొండ నుంచి కొండకు కోణాలు చూస్తూ ఉత్తరానికి సాగాడు. హైదరాబాద్ ఆ పనికి ముఖ్య కేంద్రమైంది. 1818లో జార్జ్ ఎవరెస్ట్ అక్కడే అతని దగ్గర చేరాడు. వందల మైళ్ళ లెక్కంతా కొన్ని మైళ్ళ గొలుసు కొలత మీద నిలబడింది.

రాస్ రైఫిల్ మీద అద్దం

ఇప్పుడు కెనడాకు వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధానికి కెనడా సైన్యం సొంత రైఫిల్‌తో వెళ్ళింది. పేరు రాస్. 1915లో ఈప్ర్ దగ్గర బురదలో, వేడిలో బోల్టు బిగుసుకుపోయి సైనికుల్ని నానా తిప్పలు పెట్టింది. 1916 నాటికి దళాల నుంచి వెనక్కి తీసుకున్నారు. కానీ గురి మాత్రం దానిదే గురి, అందుకే స్నైపర్లు వదల్లేదు. ఒజిబ్వే తెగకు చెందిన ప్రసిద్ధ స్నైపర్ ఫ్రాన్సిస్ పెగామగాబో వాడింది రాస్ రైఫిల్‌నే.

కొన్ని రాస్ రైఫిళ్ళకు అమెరికాలో క్లీవ్‌లాండ్‌కు చెందిన వార్నర్ అండ్ స్వేజీ కంపెనీ 1913 నమూనా స్కోపు బిగించారు. 5.2 రెట్లు పెద్దదిగా చూపేది. 21వ కెనడా బెటాలియన్‌లో పనిచేసిన హెర్బర్ట్ మెక్‌బ్రైడ్ అలాంటి రైఫిల్ వాడి, తర్వాత పుస్తకం కూడా రాశాడు. ఆ స్కోపు అద్దం మీద క్రాస్‌హెయిర్‌తో పాటు చిన్న అడ్డగీతలు ఉండేవి. నిలబడ్డ మనిషి రెండు గీతల మధ్య సరిపోతే ఇంత దూరం అని లెక్క. ఇక్కడ ముందే తెలిసిన పొడవు మనిషి ఎత్తు.

చిక్కల్లా కందకాల్లో వచ్చింది. కందకంలో ఎవడు నిలబడతాడు? కనిపించేది ఓ టోపీ అంచు, ఓ భుజం. కొలకర్ర సగం పాతిపెట్టి ఉంటే సర్వేయర్ ఏం చేస్తాడు? గీతలు తప్పు కాదు, వాటి వెనకున్న ఊహ అక్కడ చెల్లలేదు.

ఇంకో మాట. ఇదే వార్నర్ అండ్ స్వేజీ కెనడాలో విక్టోరియా నగరం దగ్గర డొమినియన్ ఆస్ట్రోఫిజికల్ అబ్జర్వేటరీలోని 72 అంగుళాల టెలిస్కోపుకు పీఠం కట్టింది. అది 1918లో పని మొదలుపెట్టింది. ఒకే కంపెనీ సరుకు, ఒకటి కందకంలోకి, ఒకటి నక్షత్రాల్లోకి.

చుక్కలూ, చక్రమూ

నేను కొట్టిన కాకి ఫీల్డ్ టార్గెట్ అనే ఆటది. 1980లో ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో మొదలై అట్లాంటిక్ దాటి వచ్చింది. లక్ష్యాలు సుమారు 8 గజాల నుంచి 55 గజాల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. లేజర్ రేంజ్‌ఫైండర్ నిషిద్ధం. స్కోపే దూరం చెప్పాలి. అందుకు రెండు దారులు.

మొదటిది వార్నర్ అండ్ స్వేజీ గీతల మనవడు: మిల్ చుక్కలు. ఒక మిల్ అంటే వెయ్యి మీటర్ల దగ్గర ఒక మీటరు. లక్ష్యం సైజును మిల్లీమీటర్లలో తీసుకుని, అది ఎన్ని మిల్లులు ఆక్రమించిందో దానితో భాగిస్తే మీటర్లు వచ్చేస్తాయి. 40 మిల్లీమీటర్ల రంధ్రం 2 మిల్లులు కనిపిస్తే 20 మీటర్లు, 1 మిల్ అయితే 40. నా కాకికి దాదాపు 1.14 కనిపించి ఉండాలి. 30 మీటర్లకైతే 1.33. ఆ పిసరంత తేడా చదవగలగాలి. పైగా చాలా స్కోపుల్లో చుక్కల లెక్క ఒక్క జూమ్ దగ్గరే నిజం, జూమ్ మారిస్తే తప్పుతుంది. రంధ్రం 40 కాక 25 మిల్లీమీటర్లదైతే? మళ్ళీ కందకం కథే.

రెండో దారికి లక్ష్యం సైజు అక్కర్లేదు. స్కోపు పక్కన ఉండే పారలాక్స్ చక్రం తిప్పుతూ, కాకి రెక్క మీద గీతలు స్పష్టంగా కనిపించే చోట ఆపాలి. చక్రం మీది అంకె చదవాలి. జూమ్ ఎంత పెంచితే స్పష్టత అంత ఇరుకు హద్దుల్లో ఉంటుంది, అంకె అంత నమ్మదగినదవుతుంది. ఇక్కడ ఆధార రేఖ స్కోపు లోపలే ఉంది: ముందు కటకం వెడల్పు. లాంబ్టన్‌కు ఏడున్నర మైళ్ళు, మనకు ఓ నాలుగైదు సెంటీమీటర్లు. అందుకే 10, 15 మీటర్ల మధ్య తేడా ఇట్టే తెలుస్తుంది గానీ, 45, 50 మధ్య కళ్ళు చికిలించాల్సి వస్తుంది.

చక్రం మీద కంపెనీ అచ్చేసిన అంకెల్ని అనుభవం ఉన్నవాళ్ళు నమ్మరు. నేల మీద టేపు పరిచి, ఒక్కో దూరానికి చక్రం తిప్పి, దానికి అంటించిన కాగితం మీద తమ గుర్తులు తామే రాసుకుంటారు. చలి, ఎండ మారితే ఆ గుర్తులూ జరుగుతాయి. జులైలో రాసుకున్న 35 నవంబరులో 35 కాకపోవచ్చు. కెనడాలో ఇది చిన్న విషయం కాదు.

మిత్రుడు నాకు చేయించిందీ అదే. రైఫిల్ పక్కన పెట్టించి, గంటసేపు టేపు పట్టించాడు. తర్వాత మళ్ళీ పడుకుని చక్రం తిప్పాను. రెక్క మీద గీతలు తేటపడ్డ చోట, నా చేత్తో రాసిన 35 కనిపించింది. ఆ దూరానికి తగ్గట్టు క్రాస్‌హెయిర్ కాస్త పైకి పట్టి కొట్టాను.

కాకి పడింది.