మొదటి అక్షరం చూసి కుదిరిన జోడీ

పెటూనియా పువ్వు అసలే ఊదారంగు. దాన్ని ఇంకా చిక్కటి ఊదాగా మార్చాలని కాలిఫోర్నియాలోని ఒక బయోటెక్నాలజీ కంపెనీలో కరోలిన్ నెపోలి, క్రిస్టీన్ లెమ్యూ, రిచర్డ్ జోర్గెన్సన్ ఒక ప్రయోగం చేశారు. పువ్వులో రంగు తయారీకి చాల్కోన్ సింథేజ్ అనే ఎంజైము కావాలి. దాని జన్యువు మరో ప్రతిని మొక్కలోకి ఎక్కిస్తే రంగు పెరుగుతుందని లెక్క వేశారు. తీరా పూలు పూశాక చూస్తే, వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టయింది. కొన్ని పువ్వులు పాలలా తెల్లగా విచ్చుకున్నాయి. కొన్నింట్లో సగం ఊదా, సగం తెలుపు, ఎవరో కుంచెతో గీసినట్టు చారలు. ఒకే మొక్క మీద ఒక పువ్వుకూ ఇంకో పువ్వుకూ పోలిక లేదు. ఉన్నట్టుండి ఏదో ఒక కొమ్మ మళ్ళీ పాత ఊదారంగుకు తిరిగిపోయేది.

జన్యువు ఎక్కించిన మొక్కల్లో 42 శాతం ఇలా రంగు కోల్పోయాయి. తెల్ల పువ్వుల్లో ఆ జన్యువు పంపే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ 50 రెట్లు పడిపోయింది. కొత్తగా వచ్చిన జన్యువు తాను మూగబోవడమే కాక, ఇంట్లో ఉన్న పాతదాని నోరు కూడా మూయించింది. ఈ వింత 1990లో ‘ప్లాంట్ సెల్’ పత్రికలో అచ్చయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో జోస్ మోల్, స్టైట్జె బృందం కూడా పెటూనియాలోనే ఇదే సంగతి చూసి అదే పత్రికలో రాసింది. దానికి ‘సహ అణచివేత’ అనే పేరైతే పెట్టారు గానీ, కారణం ఎవరికీ అంతుపట్టలేదు.

నిజానికి ఈ కథ మొదటి ఘట్టం అప్పటికి అరవై ఏళ్ళ కిందటే నడిచింది. 1928లో అమెరికాలోని వర్జీనియాలో వింగార్డ్ అనే శాస్త్రవేత్త పొగాకు మొక్కలకు వచ్చే వలయపు మచ్చల తెగులు గురించి రాశాడు. కింది ఆకుల నిండా ఎండిన ఉంగరాల్లాంటి మచ్చలు. పైకి పోయేకొద్దీ మచ్చలు తగ్గి, కొత్తగా వచ్చిన ఆకులు నవనవలాడుతూ ఉన్నాయి. ఆ మంచి ఆకులకు మళ్ళీ అదే వైరస్ రుద్దితే ఈసారి తెగులు అంటుకోలేదు. మొక్కకు రక్తమూ లేదు, మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలూ లేవు. మరి జబ్బును ఎలా గుర్తుపెట్టుకుంది?

1990లలో ఈ రెండు దారులూ కలవడం మొదలైంది. ఓరెగాన్‌లో డోహర్టీ బృందం వైరస్ జన్యువు ఎక్కించిన పొగాకు మొక్కలు తెగులు నుంచి తేరుకోవడం గమనించింది. హవాయి దీవుల్లో బొప్పాయి సాగుకు పట్టుకొమ్మ అయిన పూనా ప్రాంతంలోకి 1992లో రింగ్‌స్పాట్ వైరస్ చొరబడింది. డెనిస్ గొన్సాల్వెస్ బృందం వైరస్ పైతొడుగు ప్రోటీన్ జన్యువును చెట్టులో పెట్టి తట్టుకునే రకాలను తయారుచేసింది. 1998లో వాటి విత్తనాలు రైతులకు అందాయి. ఆ ప్రోటీనే చెట్టును కాపాడుతుందని మొదట అనుకున్నారు. కాపాడుతున్నది ప్రోటీన్ కాదు, దాని ఆర్‌ఎన్‌ఏ అని తర్వాత తేలింది. మందు ముందే పనిచేసింది, అర్థం నిదానంగా వచ్చింది. ఈలోగా ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో వోషెరె బృందం అంటుకట్టి చూసింది. జన్యువు మూగబోయిన పొగాకు అడుగుమొక్క మీద అదే జన్యువు ఎక్కించినా ఇంకా మూగబోని కొమ్మను అంటుకడితే, ఆ మౌనం పై కొమ్మకూ పాకింది. అంటే మొక్కలో ఏదో కబురు తిరుగుతోంది. ఆ కబురు ఏ జన్యువును మూయాలో పేరుపెట్టి మరీ చెబుతోంది.

ఏ జన్యువో చెప్పాలంటే ఆ కబురులోనూ ఆ జన్యువు అక్షరాలే ఉండాలి. ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో ఆండ్రూ హామిల్టన్, డేవిడ్ బాల్‌కోంబ్ ఈ ఆలోచన పట్టుకుని వెతికారు. మామూలుగా ఆర్‌ఎన్‌ఏను జెల్ మీద పరిగెత్తిస్తే పొడవైనవి పైన ఆగుతాయి, పొట్టివి అడుగుకు జారిపోతాయి. ఆ అడుగున మిగిలేది తుక్కు అనుకోవడం అలవాటు. వాళ్ళు పొట్టివాటినీ పట్టుకునే జెల్ వాడి, దాదాపు 25 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏలను పట్టారు. మూగబోయిన మొక్కల్లో అవి ఉన్నాయి, మామూలు మొక్కల్లో లేవు. 1999లో ‘సైన్స్’లో వచ్చిన ఆ వ్యాసం మూడు పేజీలు దాటలేదు. తర్వాత కొలతలు సరిచేస్తే అవి 21 నుంచి 24 అక్షరాలవని తేలింది.

కబురు దొరికింది. కబురు అందుకుని కత్తి దూసేదెవరు?

ఆ కత్తికి అప్పటికే పేరు పెట్టేశారు, అది కత్తి అని తెలియకుండానే. అరబిడాప్సిస్ అనేది ఆవాల కుటుంబానికి చెందిన చిన్న మొక్క, మొక్కల శాస్త్రవేత్తలకు ప్రయోగశాల ఎలుక లాంటిది. 1998లో అందులో ఒక జన్యువు చెడిన రకాన్ని బోమర్ట్ తదితరులు వర్ణించారు. ఆకులు వెడల్పుగా విచ్చుకోకుండా సన్నగా గొట్టాల్లా చుట్టుకుపోయి, నడిమి బొడిపె చుట్టూ ఆక్టోపస్ చేతుల్లా నిలబడ్డాయి. ఆ పోలిక చూసి, సముద్రంలో ఉండే ఆర్గొనాటా అనే జీవి పేరు మీద దానికి ‘ఆర్గోనాట్’ అని పేరు పెట్టారు. ఆకు ఆకారం కోసం వెతికినవాళ్ళకు జన్యువుల నోరు మూయించే ప్రోటీన్ దొరికింది. ఆర్గోనాట్ లేకపోతే మౌనమూ లేదని 2000లో తేలింది. కోసేది అదేనని 2005లో బామ్‌బర్గర్, బాల్‌కోంబ్ రుజువు చేశారు. చిన్న ఆర్‌ఎన్‌ఏ ఆ ప్రోటీన్ గాడిలో కూర్చుని తనకు సరిపోయే మెసెంజర్‌ను వెతుకుతుంది. అది దొరికితే, తన పదో అక్షరానికీ పదకొండో అక్షరానికీ ఎదురుగా ఉన్న చోట ఆర్గోనాట్ దాన్ని కత్తిరిస్తుంది.

ఈలోగా ఇదే వరుసలో నులిపురుగుల మీద పనిచేసిన ఫైర్, మెల్లోలకు 2006లో నోబెల్ వచ్చింది. జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ ఈ మౌనాన్ని మొదలుపెడుతుందని వాళ్ళు 1998లో చూపించారు, ఆ గొప్పదనాన్ని కాదనలేం. అయినా పెటూనియా వాళ్ళకు, నార్విచ్ వాళ్ళకు పంక్తిలో చోటు దొరక్కపోవడం మొక్కలవాళ్ళకు ఇప్పటికీ కాస్త నొప్పే.

ఇక అసలు చిక్కు. అరబిడాప్సిస్‌లో ఆర్గోనాట్లు ఒకటి కాదు, 10. వరిలో 19. చిన్న ఆర్‌ఎన్‌ఏలు వేలల్లో ఉంటాయి. ఎవరు ఎవరితో జోడీ కట్టాలో ఎలా తెలుస్తుంది? జన్మనక్షత్రం తెలియనివాళ్ళకు సిద్ధాంతిగారు పేరు మొదటి అక్షరం పట్టి నామనక్షత్రం చూసి పొంతన కుదురుస్తారు. మొక్క కూడా సరిగ్గా అదే పని చేస్తోందని 2008లో బీజింగ్‌లోని యిజున్ చీ బృందం బయటపెట్టింది. చిన్న ఆర్‌ఎన్‌ఏ మొదటి అక్షరం ‘యూ’ అయితే ఎక్కువగా ఒకటో ఆర్గోనాట్‌తో జత. ‘ఏ’ అయితే రెండో దానితోనో నాలుగో దానితోనో. ‘సీ’ అయితే ఐదో దానితో. వాళ్ళు అంతటితో ఆగలేదు. మొదటి అక్షరం ఒక్కటి మార్చి చూశారు. మిగతా అక్షరాలన్నీ అవే ఉన్నా, ఆర్‌ఎన్‌ఏ వేరే ఆర్గోనాట్ ఇంటికి వెళ్ళిపోయింది. ఆర్గోనాట్ మధ్యభాగంలోని ఒక చిన్న మెలిక ఆ అక్షరాన్ని తడిమి గుర్తుపడుతుందని 2012లో మాంట్రియల్ శాస్త్రవేత్తలు చూపించారు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడూ ఉంటాడు. టమాటాకు పట్టే బుషీ స్టంట్ వైరస్ దగ్గర పీ19 అనే ప్రోటీన్ ఉంది. అది రెండు చివర్ల నుంచి పట్టకారులా పట్టి, 21 అక్షరాల జంట పోగుల చిన్న ఆర్‌ఎన్‌ఏలను కొలిచి మరీ లాక్కుని, ఆర్గోనాట్ దాకా చేరనివ్వదు. ఇంకో వైరస్ కుటుంబమైతే ఆర్గోనాట్‌నే ధ్వంసం చేయిస్తుంది. ఈ పోరాటం కంటికి కనిపించాలంటే సోయా గింజ చూస్తే చాలు. అడవి సోయా గింజ నల్లన. ఆదిలాబాద్ చేలల్లోలాగా మనుషులు సాగుచేసే గింజ ఎక్కువగా పసుపు. ఆ పసుపుకు కారణం గింజతొక్కలో చాల్కోన్ సింథేజ్ జన్యువు మూగబోవడం. అదే, పెటూనియాను తెల్లబరిచిన జన్యువు! వైరస్ సోకి ఆ మౌనం చెదిరితే, పసుపు గింజ మీద గోధుమరంగు మరకలు లేస్తాయి.

మొదటి అక్షరం సూత్రానికి లొంగని జోడీలూ ఉన్నాయి. ఎంఐఆర్390 అనే ఆర్‌ఎన్‌ఏ మొదలయ్యేది ‘ఏ’తోనే, అయినా ఎక్కువగా ఏడో ఆర్గోనాట్‌తోనే జోడీ కడుతుంది. పదో ఆర్గోనాట్ వ్యవహారం ఇంకా విచిత్రం. ఎంఐఆర్166 ‘యూ’తో మొదలవుతుంది, న్యాయంగా ఒకటో ఆర్గోనాట్‌కు చేరాలి. పదోది దాని జంట పోగుల ఆకారం చూసి మధ్యలోనే తన్నుకుపోతుంది. కోయించడానికి కాదు, ఒకటో దానికి దక్కకుండా అట్టిపెట్టుకోవడానికి. ఈ సంగతి 2011లో తెలిసింది. కానీ ఆ జన్యువు చెడిన మొలకలను జర్మనీవాళ్ళు 1990లలోనే చూసి, తమ భాషలో పంగలకర్ర అనే అర్థం వచ్చే ‘స్విల్లె’ అని పేరు పెట్టారు. మొలకకు రెండు బీజదళాలు చెరో వైపు విచ్చుకుంటాయి. నడుమ చిగురు ఉండాల్సిన చోట ఏమీ ఉండదు.