సమాప్తమైన రక్షణ కార్యం

సిలువపై ప్రభువు పలికిన ఏడు మాటల్లో ఆరవది ‘సమాప్తమైనది’ (యోహాను 19:30). గ్రీకులో ఇది ‘టెటెలెస్టాయ్’ అనే ఒకే పదం. పని పూర్తయిందనీ, దాని ఫలితం ఇంకా నిలిచే ఉందనీ ఆ క్రియారూపం తెలియజేస్తుంది.

హెబ్రీ పత్రిక 10:11-12 వచనాలు ఈ సంగతినే మరో విధంగా చూపిస్తాయి. యాజకుడు అనుదినం నిలబడే ఉంటాడు. అవే బలులు మళ్లీ మళ్లీ అర్పించినా పాపం తొలగదు గనుక అతని పని ముగియదు. క్రీస్తు అయితే ఒక్క బలి అర్పించి దేవుని కుడిపార్శ్వాన కూర్చున్నాడు. ఇక అర్పించవలసిన బలి లేదు.

అయినా ఉపవాసం తప్పితే, కానుక తగ్గితే రక్షణ పోతుందేమోనని భయపడే విశ్వాసులు మన సంఘాల్లో ఉన్నారు. ప్రియులారా, ఎఫెసీ 2:8-10లోని వరుసను గమనించండి. ముందు కృప, ఆ తర్వాతే సత్క్రియలు. మన ప్రార్థనలు, కానుకలు రక్షణకు చెల్లించే వెల కావు. రక్షణ పొందినవారి కృతజ్ఞత.

మన దేహ విమోచన కోసం ఇంకా ఎదురుచూస్తున్నాం (రోమా 8:23). కానీ పాప పరిహారానికి మనం కలపవలసింది ఏమీ మిగలలేదు. కాబట్టి భయంతో కాదు, ధైర్యంతో ఆయన సన్నిధికి చేరుదాం.