చోళవరం రన్‌వే

మద్రాసు నుంచి నెల్లూరు బస్సెక్కితే రెడ్ హిల్స్ దాటాక చోళవరం వస్తుంది. ఇంగ్లీషు పత్రికలు షోలవరం అని రాసేవి. ఈ జి.ఎన్.టి. రోడ్డు పక్క పల్లెల్లో తరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాల్లో మాదీ ఒకటి. ఊరివాళ్లకు చోళవరం అంటే చెరువు. మా ఇంట్లో మాత్రం 'ఏరోడ్రోము'. అక్కడ విమానం దిగగా నేనెన్నడూ చూడలేదు. చూసిందల్లా మోటారు పందేలు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నెలలోనే మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. ఆ యుద్ధకాలంలో తీరం కాపుదలకు బ్రిటిష్‌వాళ్లు వాడిన రన్‌వేలలో చోళవరం ఒకటి. 1945లో యుద్ధం ముగిసింది. నగరానికి మీనంబాకం ఉండనే ఉంది. చోళవరంతో ఎవరికీ పని లేకపోయింది.

ఇలా పని పోయిన రన్‌వేలు లోకమంతటా ఉన్నాయి. ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ కూడా యుద్ధకాలపు విమానక్షేత్రమే. 1948లో అక్కడ మోటారు పందేలు మొదలయ్యాయి. కలకత్తావాళ్లు బారక్‌పూర్ రన్‌వే మీద పరుగులు పెట్టారు. పొడుగ్గా, చదునుగా, చెట్టూ గోడా అడ్డం లేని బాట వేగానికి దొరికిన వరం కదా! 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ చోళవరాన్ని అలాగే తన పందెపు బాటగా చేసుకుంది.

ఎండలు ముదరక ముందే పందేలు జరిగేవి. మా నాన్న సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవారు. మలుపుల దగ్గర గడ్డిమోపులు పేర్చి ఉండేవి. బండి కంటికి కనబడక ముందే దాని చప్పుడు వినబడేది. బుల్లెట్లు, యెజ్డీలు, తర్వాత రాజ్‌దూత్ 350లు, కార్లలో హెరాల్డులు, ఫియట్లు. 1980లలో విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు తెచ్చి నడిపారు. జనం దాని గురించి ఏళ్ల తరబడి చెప్పుకున్నారు.

అయితే మాకు దగ్గరివి ఆ కార్లు కావు. ఎన్‌ఫీల్డ్, ఎం.ఆర్.ఎఫ్. ఫ్యాక్టరీలు రెండూ తిరువొత్తియూరులోనే ఉండేవి. పగలు ఎవరో చెప్పిన పని చేసే చేతులు, పందెం రోజున తమ పనితనం ఎంత దూరం పరుగెత్తుతుందో చూసుకునేవి. ఉత్తర మద్రాసుకు అది తిరునాళ్లే.

మరి ఎందుకు ఆగింది? బళ్ల వేగం పెరిగింది. విమానం కోసం వేసిన బాటలో పందేనికి కావలసిన వంపులుండవు. అదుపు తప్పిన బండికి, చూసే మనిషికి నడుమ తగిన కాపుదల ఉండదు. అన్నిటికీ మించి, ఆ నేల క్లబ్బుది కాదు. అడిగి తెచ్చుకున్న పెరట్లో ఎవరూ రాతికట్టడం కట్టరు. క్లబ్బు సొంత నేల కొనుక్కుంది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల బాట వేసుకుని 1990లో ప్రారంభించింది.

అది మంచికే జరిగింది. తర్వాతి కాలంలో నారాయణ్ కార్తికేయన్ మొదటి పందెం శ్రీపెరుంబుదూరులోనే ఆడాడు. 2005లో ఫార్ములా వన్‌లో పోటీ చేసిన మొదటి భారతీయుడయ్యాడు. కానీ మాకు ఆ బాట నగరానికి అవతలి కొస, బెంగుళూరు రోడ్డు. సైకిలు మీద పోగలిగిన దూరం కాదు. పందేలు చోళవరాన్ని విడిచిపోయాయి. నాన్న కూడా మళ్లీ పందెం చూడలేదు.

గెలిచినవాళ్ల పేర్లు పత్రికల్లో ఉన్నాయి. రాత్రంతా కార్బురేటరు విప్పి బిగించినవాళ్ల పేర్లు, గడ్డిమోపులు మోసినవాళ్ల పేర్లు, సోడాబండి పెట్టినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వారిలో మనవాళ్లూ ఉన్నారు. ఈ పత్రిక చదివే ఇళ్లలో అలాంటి పెద్దలుంటే, వారిని కూర్చోబెట్టి అడగండి. చెప్పింది తెలుగులో రాసిపెట్టండి. నేను మా నాన్నను అడగడం ఆలస్యం చేశాను.